ప్లీహంలో పెట్టిన అండాశయం: హార్మోన్ల అదుపు తప్పి పుట్టే కణితిపై ఒక కేస్ స్టడీ

ప్రయోగశాల జంతువుల్లో అండాశయ కణితిపై హార్మోన్ల ప్రభావం చూడాలంటే ఈస్ట్రోజెన్ ఎక్కించి చూడడమే అని చాలామంది అనుకుంటారు. ఈ రంగంలో బాగా పాతబడినా ఇప్పటికీ పనికొస్తున్న నమూనా ఒకటి దీనికి సరిగ్గా ఎదురుదారిలో నడుస్తుంది. అందులో జంతువుకి హార్మోన్ ఇవ్వరు, రసాయనం పూయరు, రేడియేషన్ పెట్టరు. ఎలుక అండాశయాలు రెండూ తీసేసి, వాటిలో ఒకదాన్ని దాని ప్లీహంలోనే నాటుతారు. మొదటి వారాల్లో అది లూటియల్ కణాలతో (అండం విడుదలయ్యాక ఏర్పడే కణజాలంలోని కణాలు) నిండి ఉబ్బుతుంది. నెలలు గడిచేకొద్దీ లూటియోమాగానో (లూటియల్ కణాల కణితి), అండం చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాల కణితిగానో మారుతుంది.

1944లో అమెరికాలో మోర్టన్ బిస్కిండ్, గెర్సన్ బిస్కిండ్ ప్రచురించిన ప్రయోగమిది. ప్లీహాన్నే ఎంచుకోవడానికి కారణం రక్తప్రసరణ దారి. ప్లీహం నుంచి బయల్దేరే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికి వెళ్తుంది. కాలేయం ఈస్ట్రోజెన్‌ను హైడ్రాక్సిలేట్ చేసి, సల్ఫేట్, గ్లూకురోనైడ్ తగిలించి, పనికిరాకుండా చేసి బయటికి పంపుతుంది. కాబట్టి నాటిన అండాశయం ఎంత ఈస్ట్రోజెన్ తయారుచేసినా అది చిల్లుకుండలో పోసిన నీళ్లే. మెదడులోని హైపోథలామస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథులకు అందే కబురు 'ఒంట్లో అండాశయం లేదు' అని. దాంతో అండాశయాన్ని ప్రేరేపించే పిట్యూటరీ హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, అండాశయాలు తీసేసిన ఎలుకలో పెరిగినట్టే పెరుగుతాయి. ఈ రెండూ మాత్రం ధమనుల ద్వారా ప్లీహానికి బాగానే చేరతాయి. అక్కడున్న గ్రాన్యులోసా కణాలను, వాటి చుట్టూ ఉండే థీకా కణాలను రాత్రింబగళ్లు తరుముతూనే ఉంటాయి.

అంటే ఇక్కడ కణితిని పెంచేది ఈస్ట్రోజెన్ కాదు, పిట్యూటరీకి ఈస్ట్రోజెన్ అందకపోవడం. కింద చెప్పే కంట్రోల్ గుంపులు, స్మియర్లు (యోని నుంచి తీసిన కణాల స్లైడ్లు), శవపరీక్ష అన్నీ ఈ ఒక్క మాటను ప్రతి ఎలుకలోనూ విడిగా రుజువు చేసుకోవడానికే. ఆ రుజువు లేకుండా 'హార్మోన్ వల్ల కణితి పెరిగింది' అని రాస్తే ఏ హార్మోన్, ఎక్కడికి చేరి, ఏం చేసిందో చెప్పనట్టే.

గుంపులు ఎలా కట్టాలి

ప్రధాన గుంపులో అండాశయాలు రెండూ తీసేసి ఒకటి ప్లీహంలో పెడతాం. దీనికి తోడుగా కనీసం మూడు కంట్రోల్ గుంపులు ఉండాలి. మొదటిదాంట్లో ఒక అండాశయాన్ని ప్లీహంలో నాటి, రెండోదాన్ని ఉన్నచోటే వదిలేస్తాం. ప్లీహం, నాటిన కణజాలం, కోత, కుట్టు అన్నీ ప్రధాన గుంపులోలాగే ఉంటాయి. తేడా ఒక్కటే, చోటు మారని అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, పిట్యూటరీ అదుపులో ఉంటుంది. ఈ గుంపులో కణితి రాదు. మొత్తం వాదనకు వెన్నెముక ఈ గుంపే, ఖర్చు తగ్గించాలని దీన్ని ఎత్తేసిన ప్రయోగాన్ని నమ్మలేం.

రెండోదాంట్లో రెండు అండాశయాలూ తీసి, ఒకటి మూత్రపిండం పొర కింద పెడతాం. ఆ రక్తం కాలేయం వైపు పోకుండా మహాసిరలో కలుస్తుంది కాబట్టి, చోటు మార్చడమే కణితికి కారణమా అన్న అనుమానం దీంతో తీరుతుంది. మూడోది, ప్రధాన గుంపులాగే నాటి, చర్మం కింద ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) గొట్టం పెట్టిన గుంపు. బయటి నుంచి ఈస్ట్రోజెన్ అందితే కణితి ఆగాలి. చిట్టెలుకల్లో 1940ల చివర్లో లీ, గార్డ్‌నర్ చేసిన పని ఈ దిశలోనే సాగింది. ఈస్ట్రోజెన్ ఇచ్చినా, టెస్టోస్టెరోన్ ఇచ్చినా ప్లీహంలో కణితి రాకుండా ఆగింది.

వీలైతే నాలుగో గుంపు కూడా పెట్టాలి, గొనడోట్రోపిన్లను (ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండింటికీ కలిపి పేరు) అణచేది. పిట్యూటరీ తీసేయడం పాత పద్ధతి. దాంతో థైరాయిడ్, అడ్రినల్, పెరుగుదల హార్మోన్ కూడా కుప్పకూలుతాయి, ఎలుక బరువు పెరగదు. కణితి రాకపోవడానికి వాటిలో ఏది కారణమో తేల్చలేం. సెట్రోరెలిక్స్ లాంటి జీఎన్‌ఆర్‌హెచ్ యాంటగోనిస్ట్ (హైపోథలామస్ పిట్యూటరీకి పంపే సంకేతాన్ని అడ్డుకునే మందు) ఇప్పుడు మెరుగైన దారి. బుసెరెలిన్, ట్రిప్టోరెలిన్ లాంటి అగోనిస్ట్ (అదే సంకేతాన్ని అనుకరించే మందు) వాడితే మొదటి కొన్ని రోజులు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గకపోగా ఎగసిపడతాయి. ఆ రోజుల్లో తీసిన రక్తం, కణజాలం చూసి మందు పనిచేయలేదని రాసేస్తుంటారు.

ఎలుకల ఎంపిక

విస్టార్, స్ప్రేగ్-డాలీ రెండూ అవుట్‌బ్రెడ్ జాతులు, అంటే ఎలుకకూ ఎలుకకూ జన్యువులు వేరు. వాటిలో ఏ ఎలుక అండాశయం ఆ ఎలుకకే నాటాలి. తోబుట్టువుదే కదా అని మరోదానిది పెడితే రోగనిరోధక వ్యవస్థ దాన్ని తిరస్కరిస్తుంది, కొన్ని వారాలకు ప్లీహంలో మచ్చ తప్ప ఏమీ మిగలదు. దాత, గ్రహీత వేరువేరుగా ఉండాల్సిన ప్రయోగానికి ఎఫ్344, లూయిస్ లాంటి, ఎలుకలన్నిటికీ జన్యువులు ఒకేలా ఉండే ఇన్‌బ్రెడ్ జాతులే దిక్కు.

వయసు 8 నుంచి 10 వారాలు. శస్త్రచికిత్సకు ముందు కనీసం రెండు పూర్తి ఈస్ట్రస్ చక్రాలు (ఎలుక పునరుత్పత్తి చక్రాలు) స్మియర్‌లో చూడాలి. 4–5 రోజుల చక్రం క్రమంగా లేని ఎలుకను మొదట్లోనే పక్కన పెట్టాలి. గది 22 డిగ్రీలు, రెండు డిగ్రీలు అటూఇటూ, 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి.

మేత విషయంలో చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. మామూలు మేత గుళికల్లో ప్రోటీన్ కోసం సోయా పిండి కలుస్తుంది. అందులోని జెనిస్టీన్, డైడ్జీన్ ఈస్ట్రోజెన్ గ్రాహకాలకు అంటుకుంటాయి, పైగా బస్తా బస్తాకూ వాటి మోతాదు మారుతుంది. సోయా లేని మేత మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అన్ని గుంపులకూ ఒకటే ఉండాలి. అరిగిపోయిన పాలీకార్బొనేట్ పంజరాలు, నీళ్ల సీసాల నుంచి బిస్‌ఫినాల్-ఎ ఊరుతుంది, కాబట్టి గీతలు పడి మసకబారినవాటిని వాడొద్దు. ఇంకోటి, కాలేయం సరిగ్గా ఉంటేనే ఈ నమూనా నిలుస్తుంది. విటమిన్ బి కాంప్లెక్స్ లోపిస్తే కాలేయం ఈస్ట్రోజెన్‌ను నిర్వీర్యం చేయలేదని బిస్కిండ్‌లే 1940ల ఆరంభంలో చూపారు. కాలేయాన్ని దెబ్బతీసే మందు ఏదైనా పరీక్షిస్తుంటే, కణితి తగ్గడం ఆ మందు గొప్పతనమో, కాలేయం పాడై ఈస్ట్రోజెన్ బయటపడడమో తేల్చుకోవాలి.

మన దేశంలో ఈ పనికి సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాల నియంత్రణ, పర్యవేక్షణ కమిటీ) నిబంధనల కింద సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి. దరఖాస్తులోనే ప్రయోగాన్ని ఎక్కడ ఆపుతారో రాయాలి: బరువు 20 శాతం తగ్గితే, కణితి బరువు శరీర బరువులో పదో వంతు దాటేలా ఉంటే, పొట్ట ఉబ్బి చెవులు, పాదాలు పాలిపోతే. ఆ చివరిది ప్లీహంలోని కణితి పగిలి లోపల రక్తస్రావం అవుతోందనడానికి గుర్తు. అలాంటి ఎలుకను సాయంత్రం దాకా ఉంచకూడదు.

శస్త్రచికిత్స

కీటమైన్ కిలోకు 75–80 మిల్లీగ్రాములు, జైలజీన్ 5–10 మిల్లీగ్రాములు కలిపి పొట్టలోకి. ఐసోఫ్లూరేన్ యంత్రం ఉంటే అదే మేలు, 4 శాతంతో మత్తెక్కించి 2 శాతం చుట్టుపక్కల నిలపాలి. కోత పెట్టకముందే బ్యుప్రెనార్ఫిన్ కిలోకు 0.03–0.05 మిల్లీగ్రాములు చర్మం కింద ఇవ్వాలి. కళ్లకు లేపనం, కింద 37 డిగ్రీల వెచ్చటి ప్యాడ్. నొప్పిమందు అన్ని గుంపులకూ ఒకే మోతాదులో, ఒకే రోజులపాటు ఉండాలి.

ముందు కుడి అండాశయం. వీపు పక్కన, చివరి పక్కటెముక కింద చిన్న కోత పెడితే తెల్లటి కొవ్వు ముద్ద కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని లాగితే అండాశయం వెంటే వస్తుంది. అండాశయాన్ని చేత్తోగానీ పట్టకారుతోగానీ పట్టుకోకూడదు, కొవ్వునే పట్టాలి. గర్భాశయ కొమ్ము పైకొసన ముడేసి కోసేయాలి. కోసిన ముక్కను భూతద్దం కింద పెట్టి బర్సా పొరతో సహా అండాశయం పూర్తిగా వచ్చిందని చూసుకున్నాకే మూసేయాలి. గింజంత ముక్క మిగిలినా అది పెరిగి ఈస్ట్రోజెన్ ఇస్తుంది, ఆ ఎలుక లెక్కలోకి రాదు.

ఎడమ వైపు కోత కొంచెం పెద్దది, ఒకటిన్నర సెంటీమీటర్లు. ప్లీహమూ ఎడమ అండాశయమూ ఒకే కోతలోంచి అందుతాయి కాబట్టి నాటడానికి ఎడమదే వాడతాం. తీసిన అండాశయాన్ని చల్లటి స్టెరైల్ సెలైన్‌లో వేసి, బర్సా, అండవాహిక, కొవ్వు ఒలిచేయాలి. ఒలవకుండా పెడితే బర్సాలో నీరు చేరి తిత్తి కడుతుంది, అల్ట్రాసౌండ్‌లో అది కణితిలాగే కనిపిస్తుంది.

ప్లీహం కింది కొసను తడి గాజుగుడ్డ మీదికి తెచ్చి, పొర మీద 2–3 మిల్లీమీటర్ల గాటు పెట్టాలి. మొద్దు మొన ఉన్న పట్టకారుతో లోపల చిన్న జేబులా చేసి అండాశయాన్ని అందులోకి తొయ్యాలి. రక్తం కారుతుంది. కంగారుపడి కుట్లమీద కుట్లు వేస్తే ప్లీహం చీరుకుపోతుంది. జెలటిన్ స్పాంజి ముక్క పెట్టి ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదిమితే ఆగుతుంది, అవసరమైతే కరిగే దారంతో ఒక్క కుట్టు చాలు. అండాశయం తీసినప్పటి నుంచి నాటేదాకా 15 నిమిషాలు దాటకూడదు. కొత్త రక్తనాళాలు అల్లుకోవడానికి ఎలాగూ రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోపు చాలా ఫాలికల్స్ (అండం ఉండే తిత్తులు) చనిపోతాయి. ఇంకా ఆలస్యం చేస్తే మిగిలేది శూన్యం.

పొట్ట మూసేముందు వెచ్చటి సెలైన్‌తో కడిగి గడ్డకట్టిన రక్తమంతా తీసేయాలి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. మిగిలిన ప్రతి రక్తపు గడ్డా రేపటి అతుకు, అంటే అవయవాలను ఒకదానికొకటి అంటించే పొర. గ్లవ్స్ పౌడర్ లేనివై ఉండాలి, పిండి రేణువులు కూడా అతుకులు పుట్టిస్తాయి.

అతుకులు

ఈ నమూనాను ముంచేది అతుకులే. ప్లీహం పక్క కండరానికో, పొట్టలోని కొవ్వు పొరకో అతుక్కుంటే ఆ అతుకుల్లో కొత్త సిరలు పుడతాయి. నాటిన అండాశయం నుంచి రక్తం వాటిగుండా మామూలు ప్రసరణలోకి జారుకుంటుంది, కాలేయాన్ని తప్పించుకుంటుంది. కొద్దిపాటి ఈస్ట్రోజెన్ పిట్యూటరీకి చేరినా చాలు, గొనడోట్రోపిన్లు తగ్గుతాయి, కణితి రాదు.

అందుకే శస్త్రచికిత్స అయిన వారం తర్వాత నుంచి స్మియర్లు మళ్లీ మొదలుపెట్టాలి. రోజూ ఉదయం ఒకే వేళకు, 10–20 మైక్రోలీటర్ల సెలైన్‌తో యోనిని కడిగి, ఆ ద్రవాన్ని స్లైడు మీద ఆరబెట్టి, క్రిస్టల్ వయొలెట్ లేదా మెథిలీన్ బ్లూతో రంగేయాలి. అన్నీ సవ్యంగా ఉన్న ఎలుకలో రోజు తర్వాత రోజు తెల్ల రక్తకణాలే కనిపిస్తాయి, చక్రంలోని విశ్రాంతి దశ అయిన డయెస్ట్రస్‌లో ఆగిపోయినట్టు.

తప్పిన ఎలుక ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మొదటి నాలుగు వారాలు స్మియర్ నిండా తెల్లకణాలు. ఐదో వారం నుంచి అంచులు విరిగిన, కేంద్రకం లేని కార్నిఫైడ్ కణాలు (ఈస్ట్రోజెన్ అందుతోందనడానికి గుర్తు) గుంపులుగా కనబడతాయి, రెండు మూడు రోజులు ఉంటాయి, పోతాయి, మళ్లీ వస్తాయి. శవపరీక్షలో గర్భాశయం గులాబీ రంగులో, నీరు పట్టి, నిండుగా ఉంటుంది. అండాశయాలు లేని ఎలుకలో అది వంద మిల్లీగ్రాముల చుట్టుపక్కలకు కుంగిపోయి తెల్లటి దారంలా ఉండాలి. ప్లీహం ఎత్తబోతే పక్క కండరం వెంటే లేస్తుంది, మధ్యలో చిన్న సిరలు అల్లుకున్న పొర. లోపల నాటిన అండాశయంలో చక్కటి ఫాలికల్స్, కార్పస్ లూటియమ్‌లు (అండం విడుదలైన చోట ఏర్పడే కణజాలం) ఉంటాయి, కణితి ఉండదు. దీన్ని 'చికిత్సకు స్పందించిన ఎలుక' అని రాసుకుంటే ప్రయోగం మొత్తం తప్పుదారి పడుతుంది.

ఇలాంటి ఎలుకలను తీసేయాలా, ఉంచాలా అన్న నియమం ప్రయోగం మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి. శవపరీక్షలో ముందు అతుకులను సున్నా నుంచి మూడు దాకా కొలత వేసి నమోదు చేసి, ఆ తర్వాతే ప్లీహం కోయాలి. గుంపు పేరు తెలియని మనిషి ఈ పని చేయాలి. కొన్ని ఎలుకలు ఇలా పోతాయని ముందే అనుకుని గుంపుకు సంఖ్య పెంచుకోవాలి.

హార్మోన్ కొలతలు

అండాశయం లేని ఎలుకలో ఎల్‌హెచ్ సుమారు 20–30 నిమిషాలకోసారి ఎగిరి దిగుతుంది. ఒక్కసారి తీసిన రక్తంతో ఏమీ తెలియదు. తోక కొస నుంచి కొద్ది మైక్రోలీటర్ల చొప్పున 5–10 నిమిషాలకోసారి తీసి అల్లుకొచ్చే గీతను చూడాలి. మత్తులో తీయకూడదు, మత్తుమందు ఎల్‌హెచ్‌ను అణచేస్తుంది. అంతకుముందు కనీసం వారం రోజులు ఎలుకను చేతికి అలవాటు చేయాలి. ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంతగా ఎగరదు, కాబట్టి ఒకే నమూనా తీసే వీలుంటే దాన్నే నమ్మాలి.

ఎస్ట్రాడయోల్ ఈ ఎలుకల్లో మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములే. మామూలు ఎలీసా కిట్లు ఆ స్థాయిలో చెప్పే అంకెలు దాదాపు ఊహలే. మాస్ స్పెక్ట్రోమెట్రీ అందుబాటులో లేకపోతే కిట్టు అంకె కన్నా గర్భాశయం బరువు, స్మియర్ రెండూ కలిపి చూడడమే నమ్మకం. ఎలుక ఒళ్లే అక్కడ కొలబద్ద.

ఎస్ట్రాడయోల్ గుంపుకు లోవ్యాసం 1.57, బయటి వ్యాసం 3.18 మిల్లీమీటర్లు ఉన్న సిలాస్టిక్ గొట్టం 30 మిల్లీమీటర్లు కోసి, మిల్లీలీటరు నువ్వుల నూనెలో 180 మైక్రోగ్రాముల ఎస్ట్రాడయోల్ కలిపి నింపి, రెండు కొసలూ సిలికాన్ జిగురుతో మూస్తారు. పెట్టేముందు ఒక రోజు 37 డిగ్రీల స్టెరైల్ సెలైన్‌లో నానబెడితే తొలి ఉప్పెన అక్కడే కరిగిపోతుంది. మార్కెట్లో దొరికే మాత్రలు వాడితే మొదటి వారాల్లో ఈస్ట్రోజెన్ శరీర సహజ స్థాయి కన్నా ఎన్నో రెట్లు పోతుంది. కంట్రోల్ గుంపుకు ఒట్టి నూనె గొట్టం తప్పనిసరి.

కణజాల పరీక్ష

ప్లీహాన్ని కణితితో సహా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 24–48 గంటలు ఉంచి, 5 మైక్రాన్ల పొరలుగా మొత్తం కోయాలి. మధ్యలో ఒక్క కోత చూసి తీర్పు చెప్పొద్దు, లూటియోమా ఒక కొసన, ఆరోగ్యమైన ఫాలికల్ మరో కొసన ఉండడం మామూలే. కణితి పరిమాణాన్ని పొడవు, వెడల్పు, మందం గుణించి 0.52తో హెచ్చవేస్తే చాలు: 8, 6, 5 మిల్లీమీటర్లైతే సుమారు 125 ఘన మిల్లీమీటర్లు. తూకం మాత్రం నమ్మొద్దు, ప్లీహం గుజ్జు నుంచి కణితిని శుభ్రంగా విడదీయడం కుదరదు.

కెఐ-67 రంగుతో కణ విభజన లెక్కపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్లీహంలోని లింఫాయిడ్ కేంద్రాలు వాటంతట అవే జోరుగా విభజన చెందుతుంటాయి. అండాశయ కణాలను గుర్తించే ఫాక్స్‌ఎల్2 లేదా ఇన్‌హిబిన్-ఆల్ఫా రంగు పక్కన వేసి, అవి పట్టిన కణాల్లోనే లెక్క తీయాలి. కార్పస్ లూటియమ్‌లు కిక్కిరిసి ఉంటే అది లూటియోమా కాదు. ఎంత పరిమాణం దాటితే, చుట్టూ కణజాలాన్ని ఎంత నొక్కితే కణితి అంటారో ముందే తేల్చుకోవాలి.

ఈ ఫలితం ఎంతవరకు పనికొస్తుంది

పిట్యూటరీ వాదనకు వేరే దారుల నుంచి కూడా బలం వచ్చింది. 1936లో ఫర్త్, బటర్‌వర్త్ చిట్టెలుకలకు ఎక్స్‌రేలు పెడితే అండాశయ కణితులు వచ్చాయి. అండకణాలు చనిపోయి, హార్మోన్లు తగ్గి, గొనడోట్రోపిన్లు పెరగడమే అక్కడా మెట్టు. గొనడోట్రోపిన్లే సరిగా లేని హెచ్‌పీజీ చిట్టెలుకల్లో రేడియేషన్ పెట్టినా కణితి రాలేదు. 1992లో మార్టిన్ మాట్‌జుక్ బృందం ఇన్‌హిబిన్-ఆల్ఫా జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో బీజగ్రంథుల కణితులు చూపింది. అవే చిట్టెలుకలను హెచ్‌పీజీ నేపథ్యంలోకి తెస్తే కణితులు పుట్టలేదు. ఎల్‌హెచ్ ఎక్కువగా తయారయ్యేలా మార్చిన చిట్టెలుకల్లోనైతే సీఎఫ్-1 జాతిలో గ్రాన్యులోసా కణితి, కొన్ని సంకర జాతుల్లో లూటియోమా. హార్మోన్ ఒకటే, కణితి రకాన్ని తేల్చింది జన్యు నేపథ్యం.

కానీ ఇవన్నీ గ్రాన్యులోసా, థీకా కణాల కథలు. మనుషుల్లో అండాశయ క్యాన్సర్లు ఎక్కువగా ఎపిథీలియల్ రకం, వాటిలో తీవ్రమైన సీరస్ క్యాన్సర్ చాలావరకు ఫాలోపియన్ నాళం కొస నుంచి మొదలవుతుంది. అక్కడ లెక్క తిరగబడొచ్చు. కెనడాలోని ఒటావాలో వాండర్‌హైడెన్ బృందం 2010లో ప్రచురించిన జన్యుమార్పిడి చిట్టెలుకల పనిలో బయటి నుంచి ఇచ్చిన ఎస్ట్రాడయోల్ కణితిని త్వరగా రప్పించి, ఆయుష్షు తగ్గించింది. ప్రొజెస్టెరోన్ అలా చేయలేదు. ప్లీహం నమూనాలో కణితిని ఆపే అదే ఎస్ట్రాడయోల్ ఇక్కడ పెంచింది. రెండింటిలో వైరుధ్యం లేదు, ఒకచోట అది పిట్యూటరీ మీద పనిచేసింది, మరోచోట కణితి కణం మీద.

ప్లీహంలో పెరిగింది నిజంగా కణితా, గొనడోట్రోపిన్ల ఒత్తిడికి ఉబ్బిన కణజాలమేనా అన్నది చివరి పరీక్ష. ఇన్‌బ్రెడ్ జాతి వాడి ఉంటేనే ఇది కుదురుతుంది. కణితిని 1–2 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, అదే జాతి ఎలుకల చర్మం కింద నాటాలి. సగం ఎలుకలకు అండాశయాలు తీసేసి ఉండాలి, సగం మామూలువి. తొలి నెలల కణితులు సాధారణంగా అండాశయాలు లేని ఎలుకల్లోనే పెరుగుతాయి, అంటే వాటికి ఇంకా గొనడోట్రోపిన్ల ఆసరా కావాలి. పైన చెప్పిన 1936 ప్రయోగంలోని జేకబ్ ఫర్త్ ఇలాంటివాటిని ఆధారిత కణితులని విడదీశారు. అవే ముక్కలను తరం తర్వాత తరం నాటుతూ పోతే, ఏదో ఒక తరంలో అండాశయాలున్న ఎలుకలో కూడా ముక్క పెరగడం మొదలెట్టొచ్చు. ఆ తరం నుంచి ఎస్ట్రాడయోల్ గొట్టం పెట్టినా, సెట్రోరెలిక్స్ ఇచ్చినా పెరుగుదల ఆగదు. ఆ ముక్క ఏ తరానిదో, ఏ ఎలుకదో, ఎన్నో రోజున చేతికి తగిలిందో నమోదు చేసి, వెంటనే కొంత భాగాన్ని ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచాలి.